తొంభై ఇంజెక్షన్లు

వాషర్‌మెన్‌పేట, మద్రాసు-21
14 జూలై 1996

మామా,

నీ కార్డు అందింది. మన ఉత్తరాలు చూసి కొత్త పోస్ట్‌మన్ అరుముగం ఆశ్చర్యపోతున్నాడు. వాషర్‌మెన్‌పేటకూ అంబత్తూరుకూ మధ్య పట్టుమని పాతిక కిలోమీటర్లు లేవు. ఒకే ఊళ్ళో ఉండి ఇన్ని ఉత్తరాలేమిటమ్మా, ఒక ఫోను కొడితే పోదా అని మొన్న తమిళంలో అడిగాడు. నేను అతని పెదాలు చూసి అర్థం చేసుకుని, నవ్వి ఊరుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నా చెవిలో ఒక్క శబ్దమూ పడలేదని అతనికి ఇప్పటికీ తెలియదు. అంత బాగా పెదాలు చదువుతున్నానన్నమాట! ఒక్క నీ పెదాలే నాకు అందవు. ఆ తుమ్మపొద లాంటి మీసం తీసెయ్యమని ఎన్నిసార్లు రాశాను? అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడివి. ఏడాదికి రెండుసార్లు వస్తావు, వచ్చినా తల దించుకుని ఆ మీసంలోనే ఏదో గొణిగి వెళ్ళిపోతావు. ఉత్తరాల్లో మాత్రం వసపిట్టవి.

అసలు సంగతికి వస్తాను. చెవిటివాళ్ళకు వినికిడి తెప్పించే ఆపరేషన్ మన ఊళ్ళోనే చేస్తున్నారని శివరామ్ అన్నయ్య పేపర్లో చూశాడు. నన్నూ అమ్మనూ తీసుకెళ్ళి డాక్టర్ బాలకృష్ణన్ అనే ఆయనకు చూపించాడు. ఆయన కాగితం మీద బొమ్మలు గీసి చెప్పాడు. చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో చిన్న గది ఉంటుందట. బయటి శబ్దాన్ని నరానికి అందించే సన్నటి వెంట్రుకలు అందులో ఉంటాయట. అవి చచ్చిపోతే చెవుడు. ఇప్పుడు ఆ గదిలోకి దారం లాంటి ఒక తీగ దూరుస్తారు. దాని మీద ఇరవై రెండు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో రకం శబ్దానికి. చర్మం కింద అయస్కాంతం, నడుముకు తమలపాకుల పెట్టె అంత మిషను. మిషను వింటుంది, తీగ నరానికి కరెంటు ఇస్తుంది, మెదడు దాన్ని మాట అనుకుంటుంది. “ఇది వైద్యమా, వారపత్రికలో సైన్సు సీరియలా?” అన్నాడు అన్నయ్య. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ అక్కడే ఉంది. డాక్టర్ ఆమె వెనక నిలబడి ఏదో అడిగితే, వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పింది. నాకు ఒళ్ళు జలదరించింది మామా.

తర్వాత ఆయన, చెవులు ఎలా పోయాయని అడిగాడు. ఎప్పుడూ చెప్పేదే అమ్మ చెప్పింది. “పదహేడో ఏట మెదడు జ్వరం వచ్చినాది సార్.” డాక్టర్ పెన్ను ఆగిపోయింది. మెదడు జ్వరంతో పోయిన చెవుల్లో ఆ గది క్రమంగా ఎముకతో పూడిపోతుందట. పూడితే తీగ దూరదు. కొన్నిసార్లు స్కాన్‌లో కూడా తేలదట. ఆనాటి కాగితాలు ఏవైనా ఉంటే తెమ్మన్నాడు.

అప్పట్లో నువ్వు తండయార్‌పేట డాక్టర్ దగ్గర కాంపౌండరువి కదా. నన్ను చూసింది ఆయనే కదా. కాగితాలు దొరుకుతాయా? కనీసం నీకు గుర్తున్నది రాయి.

ఇంద్రజ


అంబత్తూరు
23 జూలై 1996

చిరంజీవి ఇంద్రజకు,

ఉత్తరం చదివాను. మా ఫ్యాక్టరీలో రెండు రోజులుగా కరెంటు లేదు. జనరేటర్ పొగకు స్టోర్సు గదిలో కూర్చోలేక వేపచెట్టు కింద బల్ల వేయించుకున్నాను. నా కింద పనిచేసే కామేశం రోజుకొక జోకు తెస్తాడు, ఒక్కటీ నవ్వు రాదు. కొత్త సూపర్‌వైజర్ ప్రతి బోల్టూ నన్నే లెక్క అడుగుతున్నాడు. మా వీధిలో గుంతలు తవ్వి పది రోజులైంది, పూడ్చే నాథుడు లేడు.

నీ ఆపరేషన్ సంగతి. తొందరపడకు అని నా మనవి. ముప్పై ఏడేళ్ళ వయసులో తల తొలిచి తీగలు పెట్టించుకోవడం అవసరమా? పేపర్లో వచ్చిన ప్రతిదీ నమ్మకూడదు. నువ్వు నీ కుట్టుమిషను మీద నిలబడ్డావు. వాషర్‌మెన్‌పేటలో సగం మంది ఆడవాళ్ళు నీ చేత్తో కుట్టిన జాకెట్లే వేసుకుంటారు. ఇప్పుడు ఏం తక్కువైందని?

కాగితాలు దొరకవు. ఆ డాక్టర్ పోయి పదేళ్ళయింది, ఆ చోట ఇప్పుడు చెప్పుల షాపు ఉంది. నాకు గుర్తున్నది ఏమీ లేదు. జ్వరం వచ్చింది, తగ్గింది. అక్క చెప్పిందే నిజం.

అక్కకు నా నమస్కారాలు.

దామోదరం


వాషర్‌మెన్‌పేట, మద్రాసు-21
18 ఆగస్టు 1996

మామా,

నీ ఉత్తరం చూసి మూడు వారాలు జవాబు రాయబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండేది. గుంతల గురించి రాశావు, బోల్టుల గురించి రాశావు. నా చెవుల గురించి నాలుగు ముక్కలు, అవీ తేలు కుట్టిన దొంగ మాటల్లా ఉన్నాయి.

ఏం తక్కువైందని అడిగావు. చెబుతాను. పాటలు వినాలని నాకు లేదు. అందరూ మొదట అదే అంటారు. నాకు నా గొంతు తెలియాలి. నేను మాట్లాడితే కొందరు ఉలిక్కిపడతారు, కొందరు ఏంటీ ఏంటీ అని ముందుకు వంగుతారు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకు తెలియదు. నాన్న పోయిన రోజు గుర్తుందా? శవం దగ్గర కూర్చుని ఏడుస్తుంటే అమ్మ వచ్చి నా నోరు మూసింది. అంత వికారంగా ఏడ్చానా మామా? నువ్వు అక్కడే ఉన్నావు. ఏడేళ్ళయింది. ఇప్పటికీ ఎవరినీ అడగలేకపోయాను. ఆ రోజు నుంచి నేను నోరు తెరిచి ఏడవలేదు.

గోడలకు కూడా చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడలకున్న భాగ్యం నాకు లేదు. నా ముందే నా గురించి మాట్లాడుకుంటారు. నేను తలెత్తితే నవ్వుతారు.

డాక్టర్ స్కాన్ తీయించాడు. గది తెరిచి ఉన్నట్టే కనబడుతోందట, కానీ మెదడు జ్వరం కేసు కాబట్టి నమ్మకం లేదట. ఆయన మాటలే రాస్తున్నాను: “తెరిచి చూసి, దూరకపోతే మూసేయాలి. అంత ఖర్చు పెట్టించి అలా చేయడం నాకు ఇష్టం లేదు.” పరికరం విదేశం నుంచి తెప్పించాలి. సెప్టెంబరు పదో తేదీకి ఆర్డరు పంపుతారు. కారణం వేరే అని రుజువు ఉంటే నా పేరు చేరుస్తారు. లేకపోతే నా చోటు ఇంకొకరికి.

ఇంకో మాట. ఆ ఏడు నాకు రోజూ బలం ఇంజెక్షన్లు వేసింది నువ్వే కదా. ఇంట్లోనే, పొద్దున్నే, నా గదిలో. అవి ఏం బలం ఇంజెక్షన్లు మామా? జ్వరం వచ్చినవాళ్ళకు అన్ని రోజులు వేస్తారా? డాక్టర్‌తో అనబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అడిగితే ఏమీ లేదంది.

ఇంద్రజ


అంబత్తూరు
1 సెప్టెంబరు 1996

ఇంద్రజా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. ఈసారి చించను. చదివాక డాక్టర్‌కు చూపించు.

నీకు మెదడు జ్వరం రాలేదు. నీకు వచ్చింది క్షయ.

1976లో నువ్వు దగ్గుతుంటే ఎక్స్‌రే తీయించి డాక్టర్ నాకు చెప్పాడు. అప్పటికి మీ అక్క భువనేశ్వరి పెళ్ళి కుదిరి ఉంది. కాంచీపురం సంబంధం, పెద్ద కుటుంబం. చెల్లెలికి క్షయ అని తెలిస్తే తాంబూలాలు వెనక్కి వచ్చేవి. ఆ రోజుల్లో ఆ పేరు ఎత్తితే ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. అందుకని నిన్ను ఆస్పత్రికి పంపకుండా ఇంట్లోనే మందు ఇవ్వాలని అనుకున్నాం. కాంపౌండర్ ఇంట్లోనే ఉన్నాడు. అదీగాక నిన్ను నాకు ఇవ్వాలని నువ్వు పుట్టినప్పుడే అనుకున్నారు. కాబోయే మొగుడే సూది వేస్తే బయటికి పొక్కదు కదా.

అవి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. రోజుకొకటి, మొత్తం తొంభై. నీ క్షయ వాటితోనే తగ్గింది. అది కూడా నిజమే.

డాక్టర్ మొదటి రోజే నాతో అన్నాడు. “చెవిలో హోరు అంటే వెంటనే ఆపు, నాకు చెప్పు.” డెబ్బై రెండో ఇంజెక్షన్ నాడు నువ్వు అన్నావు. “మామా, చెవిలో ఏందో మిల్లు తిరుగుతా ఉండాది.” నీ మాట ఇప్పటికీ వినబడుతుంది. “నీరసం, పాలు తాగు, పోతాది” అన్నాను. డాక్టర్‌కు చెప్పలేదు. మిగిలిన పద్దెనిమిదీ వేశాను. నువ్వు రోజూ చెయ్యి చాపావు, నేను రోజూ వేశాను.

భువనేశ్వరి పెళ్ళిలో నాదస్వరం వాళ్ళ పక్కనే కూర్చుని ఉన్నావు. వాళ్ళు గంటసేపటి నుంచి ఊదుతున్నారు. నువ్వు నా చొక్కా లాగి, “వీళ్ళు ఎప్పుడు మొదలు పెడతారు మామా?” అని అడిగావు. అప్పుడు నాకు తెలిసింది.

మెదడు జ్వరం అన్న మాట ఆ తర్వాత పుట్టింది. పెళ్ళికూతురి అత్తవారికి ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పీ చెప్పీ అదే నిజమైపోయింది. నిన్ను చేసుకుంటానని నేను అడిగినప్పుడు, జాలి పెళ్ళి నాకొద్దు అన్నావు. అది జాలి కాదు. నీ పక్కన ఉండి నీకు జీవితాంతం పని చేసిపెడితే పాపం తగ్గుతుందని ఆశ. పెళ్ళి మానుకున్నానని బంధువులు నన్ను దేవుణ్ణి చేశారు. నీ కోసం మానుకోలేదు, నా మొహం చూసుకోలేక మానుకున్నాను. అప్పుడే కాంపౌండర్ పని వదిలేశాను. మీసం పెంచాను. పెదాలు కనబడితే నువ్వు చదివేస్తావని భయం.

మీ నాన్న పోయిన రోజు సంగతి అడిగావు. నువ్వు వికారంగా ఏడవలేదు. కూతురు తండ్రి కోసం ఏడ్చినట్టే ఏడ్చావు. వీధి చివరిదాకా వినబడింది, అంతే. అక్క భరించలేక నోరు మూసింది.

కాగితాలు లేవు. ఈ ఉత్తరమే కాగితం. క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు.

దామోదరం


వాషర్‌మెన్‌పేట, మద్రాసు-21
12 సెప్టెంబరు 1996

దామోదరం గారికి,

మీ ఉత్తరం డాక్టర్‌కు చూపించాము. ఆయనకు తెలుగు రాదు కాబట్టి అన్నయ్య తమిళంలో చదివి వినిపించాడు. నేను అతని పెదాల మీద రెండోసారి చదివాను.

డాక్టర్ లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ నా చెవుడికి కారణం విని ఒక మనిషి సంతోషించడం చూశాను. మందు వల్ల పోయిన చెవుల్లో గది పూడదట. వెంట్రుకలే చస్తాయి, నరం చాలావరకు బతికే ఉంటుందట. నా పేరు ఆర్డరులో చేర్చారు. అక్టోబరు ఇరవై మూడున ఆపరేషన్.

మీరు రావద్దు.

డాక్టర్ ఇంకో సంగతి చెప్పాడు. అది మీకు తెలియజేయడం నా బాధ్యత కాబట్టి రాస్తున్నాను. ఈ జాతి ఇంజెక్షన్లు కొందరి చెవులను చాలా తొందరగా తినేస్తాయట. వాళ్ళ శరీరంలోనే ఒక లోపం ఉంటుందని, అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుందని మూడేళ్ళ కిందటే కనిపెట్టారట. పరీక్ష ఇక్కడ లేదు. ఉందో లేదో తెలియదు, ఉండవచ్చు. ఉంటే అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి మా ముగ్గురికీ, అక్క నుంచి దాని కూతురు మధుమితకూ వచ్చి ఉంటుంది. అమ్మమ్మ కొడుకు కాబట్టి మీకు కూడా. ఏ జబ్బు చేసినా, ఎవరు సూది వేయబోయినా, ఈ సంగతి ముందే చెప్పండి.

ఇంద్రజ


అంబత్తూరు
2 నవంబరు 1996

ఇంద్రజకు,

రావద్దన్నావు, రాలేదు. ఆపరేషన్ బాగా జరిగిందని శివరామ్ ఫ్యాక్టరీకి ఫోను చేసి చెప్పాడు. రెండే మాటలు చెప్పి పెట్టేశాడు. అతను ఫోను చేయడమే ఎక్కువ.

నువ్వు చెప్పినట్టు మా ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నా కార్డు మీద ఎర్ర సిరాతో రాయించాను. ఎందుకని అడిగితే, మా అక్క కూతురు చెప్పింది అన్నాను.

జవాబు రాయనక్కర్లేదు.

దామోదరం


వాషర్‌మెన్‌పేట, చెన్నై-21
8 డిసెంబరు 1996

దామోదరం గారికి,

ఊరి పేరు మార్చారు కదా, మేమూ మార్చి రాస్తున్నాము. మిమ్మల్ని క్షమించి ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకండి. ఇది ఇంకెవరికీ రాయలేను. అందరూ నేను సంతోషంగా ఉండాలని కాచుకుని కూర్చున్నారు. మీకు ఆ హక్కు లేదు కాబట్టి మీకు రాయడమే తేలిక.

నవంబరు ఇరవై రెండు శుక్రవారం మిషను ఆన్ చేస్తామన్నారు, పదకొండు గంటలకు. అమ్మ పంచాంగం తీసింది. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఇంకేముంది! వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి ఒకతె ఉంది, పేరు కోకిల. కంప్యూటర్ ముందు కూర్చుని, తీగలన్నీ తగిలించి, ఆన్ చేయమంటారా అంటుంది. అమ్మ గడియారం చూపించి చెయ్యి అడ్డం పెడుతుంది. “చంద్రమండలానికి పంపే రాకెట్టుకైనా మంచి గడియ చూడాల్సిందే” అని అన్నయ్యతో వాదన. ఆ పిల్ల తల పట్టుకుంది. భువనేశ్వరి అక్క, వదిన, మధుమిత, ఎదురింటి వాళ్ళు, మొత్తం పదకొండు మంది ఆ చిన్న గదిలో గంటసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. ఇరవై ఏళ్ళు ఆగినదానికి ఇంకో గంట ఏ లెక్క?

పన్నెండూ ఐదుకు ఆన్ చేశారు. మొదటి శబ్దం మంగళకరంగా ఉండాలని అమ్మ ఇంటి పూజగంట సంచీలో తెచ్చింది. నా చెవి పక్కనే మోగించింది. అది గంట కాదండీ. తలలో ఎవరో గాజుముక్కలు కుమ్మరించినట్టుంది. నేను అరిచాను. అరిచింది నేనేనని కూడా నాకు తెలియలేదు, ఇంకో ముక్క పడిందనుకున్నాను. తర్వాత పదకొండు మందీ ఒకేసారి ఏడుస్తూ మాట్లాడారు. రేకు డబ్బాలో జీరంగి తిరిగితే ఎలా ఉంటుందో అంతే. అమ్మ నా గడ్డం పట్టుకుని “ఇంద్రజా, వినపడిందా?” అంది. పెదాలు చదివాను. పడిందన్నాను. అమ్మ ఆ చిన్న గదిలోనే నేల మీద కూర్చుండిపోయి, రెండు చేతులూ జోడించి ఏడ్చింది.

రెండు వారాలైంది. అందరి మాటా జీరంగే. తలుపూ, కుక్కా, అన్నయ్యా అన్నీ ఒకటే. రోజూ బాగా వినబడుతోందని చెబుతున్నాను. కోకిల అడిగినా అదే చెబుతున్నాను. అన్నయ్య షాపు మీద అప్పు తెచ్చి చేయించాడు, లేదని ఎలా చెప్పను? రాత్రి తీసి పెట్టేశాక ఎంత హాయిగా ఉంటుందో! ఆ హాయి చూస్తేనే భయం వేస్తోంది. నాకు చెవుడే అలవాటైపోయిందా?

ఇంద్రజ


అంబత్తూరు
14 డిసెంబరు 1996

ఇంద్రజకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే రాస్తున్నాను. సలహా ఇచ్చే అర్హత లేకపోయినా ఇస్తాను. కోపం వస్తే చించెయ్యి.

రేపే వెళ్ళి ఆ కోకిలకు ఉన్నదున్నట్టు చెప్పు. గాజుముక్కలు అని చెప్పు, జీరంగి అని చెప్పు. రోగి బాగుందంటే మందు మార్చేవాడు ఎవడూ ఉండడు. ఇది కాంపౌండర్‌గా నేర్చుకున్న మాట. చెవిలో మిల్లు తిరుగుతోందని నువ్వు ఒకసారి ఉన్నదున్నట్టే చెప్పావు. వినాల్సినవాడు వినలేదు. అందుకని నీకు ఇప్పుడు చెప్పాలంటే భయమేమో. ఆ పిల్ల వింటుంది, దాని ఉద్యోగమే అది.

మన ఇంట్లో మంచి కోసం చెప్పిన అబద్ధాలు ఇప్పటికే చాలు తల్లీ.

దామోదరం


వాషర్‌మెన్‌పేట, చెన్నై-21
30 మార్చి 1997

మామా,

మూడు నెలలు రాయలేదు. ఇంత పొడుగు ఉత్తరం రాయాలని ఆగాను.

నువ్వు చెప్పినట్టే కోకిల దగ్గరికి వెళ్ళి అంతా కక్కేశాను. ఆ పిల్ల నన్ను తిట్టింది. మిషను బాగుందని నేను చెబుతుంటే దాన్ని అలాగే వదిలేసిందట. ఇరవై రెండు చుక్కల్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ పరీక్షించింది, ఇది గుచ్చుతోందా, ఇది తగ్గించనా అని. నాలుగు రోజులు పట్టింది. చివరి రోజు బస్సులో వస్తుంటే వెనక సీట్లో పసిపిల్ల ఏడుపు వినబడింది. ఏడుపని నాకు ఎవరూ చెప్పలేదు. నాకే తెలిసింది.

ఆ తర్వాత మధుమిత నా పని పట్టింది. అక్కావాళ్ళు ఇప్పుడు ఉంటున్న పురసవాక్కం నుంచి రోజూ సాయంత్రం కాలేజీ అయ్యాక వస్తుంది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతుంది, నేను తిరిగి చెప్పాలి. దానికి తెలుగు చదవడం అంతంత మాత్రమే, నాకు వినడం అంతంత మాత్రమే, ఇద్దరం కలిసి మంత్రుల పేర్లన్నీ ఖూనీ చేశాం. ఫిబ్రవరిలో ఒక రోజు, విదేశంలో ఒక గొర్రె నుంచి అచ్చం అలాంటి గొర్రెనే పుట్టించారన్న వార్త చదివింది. నేను తప్పు విన్నాననుకుని నాలుగుసార్లు అడిగాను. “పెద్దమ్మా, నువ్వు కరెక్టుగానే విన్నావు. లోకమే ఇలా అయిపోయినాది” అని పేపరు పక్కన పడేసి నవ్వింది. చిన్నమ్మా అనమంటే వినదు, నాకన్నా పెద్దదానివి కదా అంటుంది. దాని నవ్వు విన్నాను మామా. పందొమ్మిదేళ్ళుగా కళ్ళతోనే చూసిన నవ్వు.

అమ్మ గొంతు ముసలిదైపోయింది. నాకు గుర్తున్న గొంతు వేరు. ఎదుట నిలబడి మాట్లాడుతుంటే ఈవిడ ఎవరా అనిపిస్తుంది. ఆ గొంతు ముసలిదవుతున్న ఇరవై ఏళ్ళూ నేను వినలేదు కదా.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి కారణం చెబుతాను.

పోయిన గురువారం హాల్లో కుట్టుమిషను దగ్గర కూర్చున్నాను. వంటింటి వైపు నా వీపు. దారం తెగితే మిషను ఆపి సూదిలోకి ఎక్కిస్తున్నాను. వంటింట్లో వదినతో అమ్మ మాట్లాడుతోంది. అన్నీ అందలేదు, అందినవి రాస్తున్నాను.

“వాడు ఆ రోజే డాక్టర్ని అడుగుతానని చొక్కా వేసుకుని బయల్దేరినాడు. నేనే వాకిట్లో అడ్డం నిలబడినాను. తమ్ముడని కూడా చూడకుండా వాడి కాళ్ళు పట్టుకున్నాను. ఇంకా పద్దెనిమిదే కదరా, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడతాది, పెద్దదాని పెళ్ళి అయిపోనీ, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడతాది అన్నాను. ఇప్పుడు చూడు, అంతా వాడి నెత్తినే వేసుకుని రాసినాడు. నేను నోరు మెదపలేదు.”

“మెల్లగా అత్తా. ఆమె ఈడనే ఉండాది.”

“ఉంటే ఏంది? దానికి వినపడతాదా ఏమన్నా?”

అంతే, తర్వాత వంటింట్లో చప్పుడు లేదు. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. నడుముకు మిషను కట్టి, రాహుకాలం చూసి ఆన్ చేయించి, నాలుగు నెలలు సంబరపడ్డవాళ్ళే! ఇరవై ఏళ్ళ అలవాటు నాలుగు నెలల్లో ఎక్కడికి పోతుంది?

నేను వెనక్కి తిరగలేదు. దారం ఎక్కించుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. వినబడనట్టు నటించాల్సిన అవసరం ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు మొదటిసారి నటించాను. ఆ జాకెట్టు చెయ్యి రెండుసార్లు వంకరగా కుట్టి విప్పాను.

అమ్మ అప్పటి నుంచి నా ఎదుట పడడం లేదు. నేనూ అడగలేదు. అడగాల్సింది నిన్ను.

నిజం రాస్తున్నానని చెప్పిన ఉత్తరంలో కూడా సగం దాచావు. మీ అక్కను కాపాడుకున్నావు. చాలా బాగుంది. నీ ఉత్తరం చదివి ఆరు నెలలు నేను నిన్ను ఎంత అసహ్యించుకున్నానో తెలుసా? ఆ అసహ్యంలో సగం నీది కాదని నీకు తెలుసు, అయినా మోశావు. నాకు అది గొప్పగా అనిపించలేదు. కోపం వచ్చింది. ఆ ఇంట్లో అమ్మ నిన్ను ఆపింది, నువ్వు ఆగిపోయావు, అక్క పెళ్ళి నిలిచింది. చెవులు మాత్రం నావి. పదిహేడేళ్ళ పిల్లను కూర్చోబెట్టి, ఇదీ సంగతి, ఆపమంటావా వెయ్యమంటావా అని మీరిద్దరూ ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే అక్క పెళ్ళి కోసం నేనే వెయ్యమనేదాన్నేమో. అది కూడా నాకు ఇప్పుడు ఎప్పటికీ తెలియదు. నన్ను ఏడిపించేది ఇదొక్కటే.

అవును, ఏడ్చాను. తలుపు వేసుకుని, నోరు తెరిచి. నా ఏడుపు నేను విన్నాను. వికారంగా లేదు.

వచ్చే ఆదివారం భోజనానికి రా. అమ్మ కూడా ఉంటుంది, ఉండేలా నేను చూస్తాను. ఆ రోజు వాకిట్లో ఏం జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. అమ్మ చెప్పాల్సింది అమ్మ చెబుతుంది, నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు. ఉత్తరం రాసి తేవద్దు. కాగితం మీద రాస్తే మనుషులు ఎంత దాచగలరో నాకు నువ్వే నేర్పావు. నోటితో చెప్పాలి. నీ గొంతు ఎలా ఉండేదో నేను పూర్తిగా మర్చిపోయాను. ఎంత గుర్తు తెచ్చుకున్నా రావడం లేదు.

విన్నాక నిన్ను క్షమిస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను. వినకుండా చెప్పలేను.

నా మొహం చూస్తూ చెప్పడం నీకు కష్టమని నాకు తెలుసు. గోడ వైపు తిరిగే చెప్పు మామా. నాకు వినబడుతుంది.

ఇంద్రజ